గుడ్డముక్కల గోడ పూలు: చుట్టు గులాబీయా, కుచ్చు పువ్వా, మడత రేకులా?

సంక్రాంతికి పది రోజుల ముందు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఏ దర్జీ దుకాణం ముందు ఆగినా కత్తిరించే బల్ల కింద మోకాలెత్తు గుడ్డముక్కల కుప్ప కనిపిస్తుంది. అడిగితే కొందరు ఊరికే ఇస్తారు, కొందరు సంచి నింపి ఇరవై రూపాయలు తీసుకుంటారు. నేను మొదటిసారి అలా తెచ్చుకున్న సంచి విప్పి, ఫోనులో చూసిన బొమ్మ ప్రకారం పూలు చేయబోయి సగం గుడ్డ పాడు చేశాను. బొమ్మలో ఉన్నది శాటిన్, నా సంచిలో ఉన్నది నూలు లైనింగు. మిగిలిన సగంతో ఎలాగో గులాబీలు చుట్టి, గ్లూ గన్నుతో అట్టకు అతికించి, పడమటి ఎండ తగిలే గోడకు తగిలించాను. మే నెల వచ్చేసరికి ఒక్కొక్కటే ఊడటం మొదలుపెట్టాయి. ఒక రాత్రి ఒక గులాబీ మా అత్తగారి ఎడమ భుజం మీద పడింది. ఆవిడ బల్లి అనుకుని తెల్లవారగానే పంచాంగం తీసి ఫలితం చూసుకున్నారు. ఫలితం మంచిదే వచ్చింది కాబట్టి నేను నోరు విప్పలేదు.

ఆ తరువాత నాలుగు రకాల పూలు, మూడు రకాల అతుకులు, మా ఇంట్లోనూ ఒంగోలులో మా వదిన ఇంట్లోనూ ఉన్న రకరకాల గోడలు చూశాక నాకు తేలింది ఏమిటంటే, పువ్వును బొమ్మ చూసి ఎంచుకోకూడదు. మీ సంచిలోని గుడ్డనూ, మీ గోడనూ చూసి ఎంచుకోవాలి.

సంచిలో ఉన్నది ఏమిటి?

దర్జీ సంచిలో ఎక్కువగా దొరికేది జాకెట్ల లైనింగుకు వాడే పలచని నూలు. తరువాత శాటిన్, క్రేప్, జార్జెట్. పెళ్లిళ్ల కాలమైతే పట్టు, రా సిల్కు, నెట్ ముక్కలు కూడా తగులుతాయి. చేత్తో పట్టుకుంటే చాలావరకు తెలుస్తుంది కానీ, నూలులా నటించే పాలియెస్టర్ ఇప్పుడు బోలెడు వస్తోంది. అనుమానం ఉంటే రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మిగిలిన నల్లటి ముద్ద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ కరిగి, ముడుచుకుని, చల్లారాక గట్టి పూసలా తయారవుతుంది. ఆ పూసను వేడి మీద ముట్టుకోకండి, చర్మానికి అంటుకుంటుంది.

గుడ్డ రకం ఎంత ముఖ్యమో ముక్క ఆకారమూ అంతే. జాకెట్టు కత్తిరించినప్పుడు చంక దగ్గర పోయేవి వంకర త్రికోణాలు, మెడ దగ్గర పోయేవి అర్ధచంద్రాలు. లంగాలు, చుడీదార్ల పక్కన మిగిలేవి పొడుగు పట్టీలు. సంచిని నేల మీద కుమ్మరించి మూడు కుప్పలు వేయండి: పొడుగు పట్టీలు, అరచేయి పట్టేంత ముక్కలు, అంతకంటే చిన్నవి. ఏ కుప్ప పెద్దదో చూస్తే సగం నిర్ణయం అయిపోయినట్లే.

మన వైపు వాళ్లకు ఇంకో అదృష్టం ఉంది. వెంకటగిరి, పాటూరు, చీరాల చీరలు పాతబడితే వాటిని ఎవరూ పారేయరు, బీరువా అడుగున దాస్తారు. (2022లో జిల్లాలు మార్చినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాకు, చీరాల బాపట్లకు వెళ్లాయి. బీరువాలకు ఆ సంగతి తెలియదు.) పాత వెంకటగిరి నూలు చీర పూలకు దివ్యమైన గుడ్డ. సన్నని నేత కాబట్టి కుచ్చు పోసినప్పుడు ముడతలు బియ్యపు గింజ వెడల్పున, ఒద్దికగా కూర్చుంటాయి. జామ్‌దానీ బుటా ఉంటే బుటా సరిగ్గా మధ్యకు వచ్చేలా కత్తిరించి మడత రేకులకు వాడుకోవచ్చు. జరీ అంచును మాత్రం కుచ్చు పోయడానికి ప్రయత్నించకండి. అది వంగదు, సూదిని వంచుతుంది. దాన్ని ఆకులకూ పువ్వు నడిమి బొడిపెకూ ఉంచుకోండి.

ముదురు ఎరుపు, నీలం, మెరూన్ లైనింగు ముక్కలను ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే ఆ ముక్కను గంజిలో ముంచకూడదు, తెల్ల పువ్వు పక్కన పెట్టకూడదు. నవంబరు ముసురులో గోడ చెమ్మగిల్లితే చాలు, ఆ రంగు సున్నం మీదికి దిగుతుంది.

చుట్టు గులాబీ

అన్నిటికంటే త్వరగా అయ్యేది ఇదే. రెండు అంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవు ఉన్న పట్టీని నిలువునా మడిచి, ఒక కొసను గట్టిగా చుట్టి మొగ్గ చేసి, ఆ తరువాత పట్టీని బయటికి మెలితిప్పుతూ మొగ్గ చుట్టూ తిప్పుకుంటూ పోవాలి. చేయి అలవాటైతే నాలుగైదు నిమిషాల పని. రెండున్నర అంగుళాల గులాబీ వస్తుంది. నూలు, క్రేప్, చివరికి పాత పంచె ముక్క అయినా పనికొస్తుంది. కత్తిరించకుండా చింపిన పట్టీ అయితే అంచున లేచే పోగులే అందం.

దీనికి రెండు లోపాలున్నాయి. మొదటిది, గుడ్డ ఎక్కువ తింటుంది. ఒక గులాబీకి పోసే గుడ్డతో కుచ్చు పూలు రెండు వస్తాయి. రెండోది, వెనుక పక్క మొత్తం జిగురు మీదే ఆధారపడితే ఎండకు వదిలేస్తుంది. పిల్లలు బడిలో ప్రదర్శనకో, వినాయక చవితి పందిరికో చేసుకుంటే ఇదే ఎంచుకోండి, పది రోజుల ముచ్చటకు ఇంతకంటే అక్కరలేదు. ఏడాది గోడ మీద ఉండాలంటే మాత్రం చుట్టడం అయ్యాక అడుగు భాగంలో అన్ని పొరలూ తగిలేలా అడ్డంగా, నిలువుగా నాలుగు కుట్లు వేయాలి. అలా వేశాక ఇది త్వరగా అయ్యే పువ్వు కాదు, గుర్తుంచుకోండి.

కుచ్చు పువ్వు

కుట్టుపని నేర్పేవాళ్లు దీన్ని యోయో అంటారు. నేను కుచ్చు పువ్వు అంటాను. నా ఓటు దీనికే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను, పక్షపాతం అనుకుంటే అనుకోండి.

కాఫీ సాసరు బోర్లించి గుడ్డ మీద పెన్సిలుతో గుండ్రంగా గీసుకుని కత్తిరించండి. అంచును పావు అంగుళం లోపలికి మడుస్తూ, జంట దారంతో చుట్టూ దూరపు కుట్టు వేసుకుంటూ రండి. మొదలుపెట్టిన చోటికి వచ్చాక దారం లాగితే అంచంతా మధ్యకు దగ్గరపడి, చదునైన చిన్న సంచిలా ముడుచుకుంటుంది. నాలుగు ముళ్లు వేసి, మధ్యలో పాత చొక్కా గుండీ కుట్టేయండి. అయిపోయింది. పువ్వు వెడల్పు మీరు కత్తిరించిన గుండ్రంలో సగానికి కొంచెం తక్కువ వస్తుంది. అంటే అయిదంగుళాల గుండ్రానికి రెండుంపావు అంగుళాల పువ్వు. ఈ లెక్క తెలియక మొదట నేను గ్లాసు మూతితో గీసి, చొక్కా గుండీ అంత పూలు పాతిక చేసి కూర్చున్నాను.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కుట్లు ఎంత చిన్నగా వేస్తే అంత నాణ్యం అనుకుంటారు. ఇక్కడ అది తిరగబడుతుంది. చిన్న కుట్లయితే ముడతలు ఎక్కువై మధ్యలో రంధ్రం పెద్దదిగా మిగులుతుంది. పావు అంగుళం పైబడిన కుట్లయితే మధ్య బాగా మూసుకుంటుంది. సూది పట్టడం కొత్తగా నేర్చుకుంటున్న పదేళ్ల పిల్ల వేసే పొడుగు కుట్టు దీనికి సరిగ్గా సరిపోతుంది.

దీనికి నేను ఎందుకు ఓటేస్తానంటే, తెగిన అంచంతా లోపలికి పోతుంది, పోగులు లేవవు. జిగురు అక్కరలేదు. అట్ట లేదు కాబట్టి దుమ్ము పట్టినప్పుడు తీసి సబ్బునీళ్లలో జాడించి ఆరేయవచ్చు. మిగతా మూడు రకాల్లో ఏదీ ఇంత నిశ్చింతగా ఉతకడానికి రాదు. లారీల దారి పక్కన ఉన్న ఇంట్లో నెలకొకసారి ఆ పని తప్పదు కూడా. ఖర్చంటారా, ఒక దారపు ఉండతో డజన్ల కొద్దీ పూలు అవుతాయి. పాత చొక్కాల గుండీలు ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక డబ్బాలో ఉండనే ఉంటాయి.

లోపం లేదా అంటే ఉంది. చదునుగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే పువ్వుకంటే బిళ్లలా కనిపిస్తుంది. పెద్ద దాని మీద చిన్నది, వేరే రంగులో, కలిపి కుట్టేస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది. మందం గుడ్డలు, జీన్సు, వెల్వెట్ దీనికి పనికిరావు.

మడత రేకులు

జపాను వాళ్లు జడలో పెట్టుకునే గుడ్డపూల పద్ధతి ఇది, సుమామి కంజాషి అంటారు. మూడంగుళాల చదరపు ముక్కను మూలకు మూల మడిస్తే త్రికోణం, దాన్ని సగానికి మడిస్తే ఇంకో చిన్న త్రికోణం, మళ్లీ సగానికి మడిస్తే రేకు. అలాంటి అయిదు రేకుల అడుగులను ఒకే దారానికి గుచ్చి లాగి ముడి వేస్తే పువ్వు. చూడటానికి నాలుగింటిలో ఇదే మిన్న. పట్టు జాకెట్ల ముక్కలకు, రా సిల్కుకు, గంజి పెట్టిన నూలుకు తగిన గౌరవం ఇక్కడే దక్కుతుంది.

అయితే చదరాలు కొలతకు కత్తిరించాలి. ప్రతి మడతనూ ఇస్త్రీతోనో గోటితోనో నొక్కాలి. ఒక రేకు కొంచెం పెద్దదైతే పువ్వు మొత్తం వాలిపోతుంది. ఒక్కో పువ్వుకు ఇరవై నిమిషాలు పెట్టుకోండి. గోడ నిండా ఇవే చేస్తానంటే వద్దంటాను. కుచ్చు పూల గుంపు మధ్య ఇలాంటివి మూడు పెట్టండి, చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగుతుంది, మీ నడుమూ నిలుస్తుంది.

అంచు కాల్చిన పూలు

ఫోనుల్లో ఎక్కువగా తిరిగేవి ఇవే: శాటిన్ గుండ్రాలు పెద్దవీ చిన్నవీ కత్తిరించి, కొవ్వొత్తి సెగకు అంచు చూపితే రేకులా ముడుచుకుంటుంది. అయిదారు పొరలు పేర్చి మధ్యలో పూస కుడితే నిజం పువ్వులాగే ఉంటుంది, కాదనను. ఇది పాలియెస్టర్ లాంటి కరిగే గుడ్డకు మాత్రమే చెల్లుతుంది. నూలు ముడుచుకోదు, అంటుకుంటుంది. నూలు కలిసిన టెరికాట్ నల్లబడుతుంది.

చేసేవాళ్లు ఫ్యాను ఆపి, తలుపు తెరిచి, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకుని, ఒంటి మీద నైలాన్ చీర లేకుండా, ముక్కను పట్టకారుతో పట్టుకుని, మంట పైన కాకుండా పక్కన చూపాలి. ఇంట్లో పాకే పిల్ల ఉంటే ఈ రకం అసలు వద్దు. ఈ నియమాలన్నీ చదివి మీకు విసుగొచ్చి ఉంటే, కుచ్చు పువ్వు దగ్గరికి వెనక్కి వెళ్లండి.

జిగురా, సూదా?

గ్లూ గన్ను కడ్డీలు వేడికి కరిగేలా తయారైనవే. గన్నులో పూర్తిగా కరగడానికి చాలా వేడి కావాలి గానీ, మెత్తబడటానికి అంత అక్కరలేదు. రేకుల కప్పున్న ఇంట్లో, పడమటి గోడ మీద, నెల్లూరు మే ఎండలో అది నెమ్మదిగా జారుతుంది. పైగా గన్ను కొనాలి, కరెంటు ఉండాలి, వేళ్లు కాలకుండా చూసుకోవాలి. తూర్పు గోడకూ, కాంక్రీటు శ్లాబు కింద నీడగా ఉండే హాలుకూ అయితే పనికొస్తుంది.

వడ్రంగులు వాడే తెల్ల జిగురు వేడిని ఓర్చుకుంటుంది, చెమ్మను ఓర్చుకోదు. మన జిల్లాలో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ రోజుల్లో అట్ట మెత్తబడి, దాంతోపాటు జిగురూ మెత్తబడుతుంది. మైదా జిగురు చవక, కానీ బొద్దింకలకు అది విందు. పుస్తకాలకు అట్టలు వేసేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం కాబట్టి ఇంట్లో పిల్లలు ముట్టుకునే పూలకు నేను కలపను, మీరూ కలపవద్దు.

గంజి సంగతి కూడా ఇదే కోవలోది. సగ్గుబియ్యపు గంజి పెడితే పలచని నూలు రేకులు చక్కగా నిలబడతాయి, కానీ ముసురు రోజుల్లో వాలిపోతాయి, ఒక్కోసారి బూజు పడతాయి. గంజి పువ్వు వేసవి పువ్వు. ఏడాదంతా నిలవాలంటే రేకు లోపల దర్జీలు కాలర్లకు వాడే బకరం ముక్క పెట్టండి. అదీ ఆ సంచిలోనే దొరుకుతుంది.

సూదికి ఈ బాధలేవీ లేవు. పని ఆలస్యం, అంతే.

గోడ ఏమంటుంది?

సున్నం వేసిన పాత గోడకు రెండు వైపులా అంటే టేపు పనికిరాదు. టేపు సున్నాన్ని పట్టుకుంటుంది, సున్నం గోడను వదిలేస్తుంది. నిగనిగలాడే నూనె రంగు వేసిన గోడకు కొంత నయం. ఒంగోలులో మా వదిన హాలులో ఒక గోడకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పలకలు వేయించారు. దాని మీద టేపు ఏడాది దాటినా కదలలేదు. అక్కడ ఇంకో సంగతి కనిపెట్టాను. నల్లరాయిలో మెరిసే బంగారు చుక్కల మీద ముదురు రంగు పూలు కనబడవు. తెలుపు, పసుపు, లేత ఆకుపచ్చ పెడితే రాయి కూడా అందంగా కనిపిస్తుంది.

అద్దె ఇల్లయి, ఇంటివారు మేకు కొట్టనివ్వకపోతే గుమ్మం పైన మామిడాకుల తోరణానికి కొట్టిన మేకులు ఎలాగూ ఉంటాయి. వాటి నుంచి దారాలు వేలాడదీసి పూలు గుచ్చండి. మేకు కొట్టే వీలుంటే, చిరిగిన పిండి జల్లెడకంటే మంచి చట్రం లేదు. గుండ్రంగా, తేలికగా ఉంటుంది, వలలోంచి సూది దూరుతుంది, అతికించే పనే లేదు. పన్నెండంగుళాల జల్లెడ అంచు చుట్టూ రెండుంపావు అంగుళాల కుచ్చు పూలు పదహారో పదిహేడో పడతాయి. లోపల ఇంకో వరుస వేసి మధ్యలో మడత రేకుల పూలు మూడు పెడితే ముప్ఫై లోపే సరిపోతుంది. రోజుకు నాలుగు చేస్తే వారం పని.

కాడలు కావాలంటే తీగ కొనకండి. కొబ్బరి ఈనె చాలు, దాని చుట్టూ ఆకుపచ్చ లైనింగు పట్టీ చుట్టండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఇనుప తీగ, గుండుసూది ఉప్పుగాలికి తుప్పు పట్టి లేత గుడ్డ మీద గోధుమ మరకలు వేస్తాయి. అవి ఉతికినా పోవు.

చట్రం గోడకు ఆనకుండా వెనుక రెండు బిరడాలో, మడిచిన అట్టముక్కలో పెట్టి అంగుళం ఎడం ఇవ్వండి, గాలి ఆడితే చెమ్మ పట్టదు. బల్లులు అక్కడ కాపురం పెడతాయా అంటే పెడతాయి. మా జల్లెడ వెనుక రెండు గుడ్లు దొరికాయి. ఎడం ఇవ్వకపోయినా ఎక్కడో ఒకచోట పెడతాయి కాబట్టి నేను ఆ లెక్క మానేశాను. నెలకొకసారి దించి దులపడమే.

ఇంకా తేల్చుకోలేకపోతే

సంచిలోంచి ఒకే గుడ్డతో ఒక చుట్టు గులాబీ, ఒక కుచ్చు పువ్వు, ఒక మడత పువ్వు చేయండి. మూడింటినీ మీరు పెట్టదలచిన గోడకే తగిలించి వారం ఉంచండి. గులాబీ వాలిందో లేదో చూడండి, కుచ్చు పువ్వు దూరం నుంచి ఆనుతోందో లేదో గుమ్మంలో నిలబడి చూడండి. మడత పువ్వు చేసేటప్పుడు మీకు ఎన్నిసార్లు విసుగొచ్చిందో మీకే తెలుసు. నేను ఈ పని మూడేళ్లు ఆలస్యంగా చేశాను. ఇప్పుడు మా పడమటి గోడ మీద ఉన్నవన్నీ కుచ్చు పూలే. అత్తగారు వాటి కిందే మంచం వేసుకుంటున్నారు.